మొహం చూసి తీసేవాళ్ళం

ఏ ఆదివారమైనా మైపాడు బీచికి పోయి చూడండి. పెళ్ళి కుదిరిన జంట, వాళ్ళ చుట్టూ ముగ్గురు నలుగురు కెమెరా కుర్రాళ్ళు, నెత్తిన గీపెడుతూ డ్రోను. మిట్టమధ్యాహ్నం వేళ ఆ పిల్లను మోకాటి లోతు నీళ్ళలో నిలబెట్టి ‘ఇటు చూడండి మేడం, నవ్వండి మేడం’ అంటారు. ఆ ఎండకి ఆ పిల్ల కళ్ళే తెరవలేకపోతుంది. నుదురూ ముక్కూ తెల్లగా మండిపోతుంటాయి, కళ్ళు రెండూ నల్లటి నీడలో మునిగి ఉంటాయి. తీసే కుర్రాడు ఆ మొహం వంక ఒక్కసారి కూడా తిన్నగా చూడడు. కెమెరా వెనక తెర వంకే చూస్తాడు. టపటపా వంద కొడతాడు. ఏందబ్బాయ్ ఇది అంటే, ‘ఎడిటింగులో చూసుకుంటాంలే పెద్దాయనా’ అంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మొహం మీద పడని వెలుగును ఏ ఎడిటింగు తెచ్చి పెడుతుంది? ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు చూడని మనిషిని రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని ఎట్లా చూస్తారు?

నేను ఈ నెల్లూరు తీరాన ఒక చిన్న ఊళ్ళో ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి. నలుపు తెలుపు కాలంలో మొదలుపెట్టాను. కలర్ ల్యాబులొచ్చాయి, డిజిటల్ వచ్చింది, ఫోన్లొచ్చాయి, చివరికి షట్టరు దించేశాను. కాలం మారకూడదని నేననను. ఇప్పటి కెమెరాలు మా కెమెరాల కంటే ఎన్నో రెట్లు మంచివి. మసక చీకట్లో కూడా తీస్తాయి, ఫోకస్ దానంతటదే కంటి మీదికి పోయి కూచుంటుంది. ఇంత మంచి సామాను చేతికొచ్చాక ఎదుటి మనిషిని చూడడం మానేశారే, అదీ నా బాధ.

మా రోజుల్లో యాషికా మ్యాట్ కెమెరాలో 120 రోలు వేస్తే వచ్చేవి పన్నెండే ఫొటోలు. ఓర్వో ఫిల్ము తూర్పు జర్మనీ నుంచి వచ్చేది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫొటో ఫిలింస్ అనే ప్రభుత్వ కంపెనీ ‘ఇందు’ పేరుతో మన దేశపు సరుకు తెచ్చింది. ఒక్కోసారి రెండూ దొరికేవి కావు. మద్రాసు పోయే మనిషికి చెప్పి తెప్పించుకునేవాళ్ళం. పన్నెండింట్లో రెండు పాడైతే ఆ పూట లాభం అక్కడే పోయేది. అందుకే నొక్కే ముందు చూసేవాళ్ళం. జుట్టు కంటి మీద పడిందా, పైట ముడతపడిందా, మెడ బిగుసుకుందా, పిల్లవాడు ఏడవబోతున్నాడా, అన్నీ ముందే.

ఆ కెమెరా కట్టుబడే మనిషిని చూడమనేది. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజు తెరలోకి చూసి ఫోకస్ చేయాలి. అది కుదిరాక తల ఎత్తేయొచ్చు. అప్పుడు వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, ఇంటి సంగతులు అడుగుతూ, మాటల మధ్యలోనే నొక్కేవాళ్ళం. మా మొహానికీ వాళ్ళ మొహానికీ మధ్య ఏ అడ్డూ ఉండేది కాదు. ఇప్పుడు ఫోను తీసి మొహానికి అడ్డం పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి మనిషి కనపడడు, మూడు లెన్సులు కనపడతాయి. వాటిని చూసి ఎవరు మనసిచ్చి నవ్వుతారు?

స్టూడియోలో మాకున్నవి మూడే లైట్లు. నైట్రాఫాట్ బల్బులు, ఒక్కోటి 500 వాట్లు. కాసేపు వెలిగితే గదంతా ఉడుకెత్తిపోయేది. ఒకటి మనిషికి పక్కగా, తలకన్నా కాస్త ఎత్తులో. రెండోది నీడను తేలిక చేయడానికి ఎదర, దూరంగా. మూడోది వెనక తెర మీదికి. మొదటి లైటు సరైన చోట ఉందో లేదో తెలుసుకోవడానికి మా గురువు గారు రెండు గుర్తులు చెప్పారు. లైటుకు అవతలి వైపు చెంప మీద, కంటి కింద, చిన్న ముక్కోణం వెలుగు నిలవాలి. రెండు కళ్ళలోనూ పైభాగాన ఒక తెల్లటి చుక్క మెరవాలి. ఆ ముక్కోణం డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల్లో ఉంటుందనీ, దానికి ఆయన పేరే పెట్టారనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆయన 1669లోనే పోయాడు. కిటికీ వెలుగులో కూర్చున్న మనిషిని ఓపిగ్గా చూస్తే ఏ దేశంలోనైనా అదే కనపడుతుంది. ఇంకో లెక్క కూడా గురువు గారే నేర్పారు. లైటును రెట్టింపు దూరం జరిపితే మొహం మీద పడే వెలుగు పావు వంతుకు పడిపోతుంది. ఆ ఒక్క లెక్క తెలిస్తే కిటికీ దగ్గర కుర్చీ ఎక్కడ వేయాలో తెలిసినట్టే.

ఫిల్ము వేగం తక్కువ కాబట్టి పావు సెకను, అర సెకను షట్టరు తెరిచి ఉంచాల్సి వచ్చేది. అంతసేపు మనిషి కదలకూడదు. ‘కదలొద్దు’ అన్నామా, మొహం బిగుసుకుపోతుంది. అందుకని ఊపిరిని గమనించేవాళ్ళం. ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకునే లోపల ఒళ్ళంతా ఒక్క క్షణం నిమ్మళిస్తుంది. భుజాలు కిందికి దిగుతాయి, నొసలు విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడు నొక్కాలి. ఇప్పటి కెమెరా సెకనులో వెయ్యో వంతులో తీసేస్తుంది, నిజమే. అయినా మనిషి నిమ్మళించేది ఆ క్షణంలోనే. కెమెరా వేగం పెరిగిందని మనుషులు మారలేదు కదా.

ఇక బయటి వెలుగు. ఈ తీరపు వెలుగు సంగతి తెలియకుండా ఇక్కడ కెమెరా పట్టుకోవడం తప్పని నేను గట్టిగా చెబుతాను. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ ఎవరిని నిలబెట్టినా కనుగుంటల్లో చీకటే, ముక్కు కింద నల్లటి మరకే. అదే డిసెంబరు నెలాఖరులో అయితే మధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణానికి వాలి ఉంటాడు. అప్పుడు పగలంతా పని చేసుకోవచ్చు. అదీగాక రాష్ట్రంలో చాలా చోట్ల జూన్‌లో వానలు మొదలైతే, మాకు అసలు వాన ఈశాన్య రుతుపవనం తెచ్చేదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన ఆగి ఆకాశమంతా పల్చటి మబ్బు కప్పిన పగలుంటుందే, దాన్ని మించిన లైటు ఏ కంపెనీ చేయలేదు. నీడలు మెత్తబడతాయి, ముసలివాళ్ళ మొహాల మీద ముడతలు ఒక్కొక్కటీ కనపడతాయి కానీ కోసినట్టుండవు. ఇప్పటివాళ్ళు ఆ రోజు ‘క్లైమేట్ బాగాలేదు’ అని షూటింగు మానుకుంటారు!

మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. సముద్రం వెనకాల కనపడాలని పొద్దున్నే మనిషిని నీళ్ళకు వీపు పెట్టి నిలబెడితే ఎండంతా వెనక నుంచి వచ్చి మొహం నల్లబడిపోతుంది. అప్పుడు ఎదర నుంచి ఫ్లాష్ కొడతారు, కళ్ళు బెదురుతాయి, మొహం చదునైపోతుంది. సాయంత్రం నాలుగున్నర దాటాక రండి. సూర్యుడు ఊరి వైపు, తాటిచెట్ల మీదికి దిగి ఉంటాడు. అప్పుడు సముద్రానికి వీపు పెట్టి నిలబెడితే ఆ పచ్చటి ఎండ మొహం మీద వాలుగా పడుతుంది, వెనక సముద్రం నీలంగా నిలుస్తుంది. ఫ్లాషుతో పనేముంది? సర్వి తోటలో మాత్రం నిలబెట్టకండి. సర్వి నీడ చిల్లులు చిల్లులుగా ఉంటుంది, మొహం మీద ఎండ మచ్చలు పడతాయి. దాని బదులు తాటాకు ఇంటి పంచలోకి తీసుకుపోండి. చూరు కిందికి వంగి ఉంటుంది కాబట్టి పై వెలుగు ఆగిపోతుంది. ముంగిట ఇసక మీద పడ్డ ఎండ చెదిరి లోపలికి వచ్చి మొహాన్ని నింపుతుంది. చూరు గీత నుంచి ఒక మూర లోపలికి కుర్చీ వేస్తే చాలు. ఇసకపల్లి, కృష్ణపట్నం వైపు ఉప్పు కొఠార్ల దగ్గర ఇంకా విచిత్రం. కింద తెల్లటి ఉప్పు రాశుల నుంచి వెలుగు పైకి లేచి గడ్డం కింద, కళ్ళ కింద నీడల్ని తీసేస్తుంది. పట్నం స్టూడియోల్లో వెండి రంగు గుడ్డలు పట్టుకుని మనుషుల్ని నిలబెట్టే పని అక్కడ ఉప్పే చేసిపెడుతుంది.

వెలుగు సగం పని. మిగతా సగం గమనిక.

ఒకసారి పట్టపుపాళెం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, కొడుకు తోడు. చేపల గంప బయట దించి లోపలికొచ్చింది. జీవితంలో అదే మొదటి ఫొటో. స్టూలు మీద కూచోగానే కర్రలా బిగుసుకుపోయింది. లైట్లు వేస్తే కళ్ళు చికిలించింది. మాటిమాటికీ ఎడమ చెవి మీదికి పైట లాక్కుంటోంది. మొదట అలవాటనుకున్నాను. ఇంకాస్త చూస్తే అర్థమైంది, ఎప్పుడో బరువు కమ్మలు వేలాడి ఆ చెవితమ్మె తెగిపోయి ఉంది. ఆమె నోరు తెరిచి చెప్పదు, మనమూ అడగకూడదు. లైట్లు ఆర్పేసి, ‘లోపల ఉక్కగా ఉందిమా, పంచలోకి పోదాం రా’ అన్నాను. అక్కడ కుడి వైపు నా వైపుకు వచ్చేట్టు పీట వేశాను. ఎడమ చెవి అవతలికి పోయింది. చెయ్యి దానంతటదే ఒళ్ళోకి దిగింది. ‘ఈ పొద్దు వంజరం పడిందామ్మా?’ అన్నాను. ‘యాడ పడింది సామీ! పడిన నాలుగూ దళారి అడ్డం ధరకి ఎత్తుకుపాయె’ అని మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ మొహం కోపంతో వెలిగింది, ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వింది, నవ్వు తగ్గి నా వంక చూసింది. ఆ చూపు తీశాను. నెరిసిన వెంట్రుకలు రెండు గాలికి లేచి ఉన్నాయి, కళ్ళలో చూరు బయటి ఆకాశం చుక్కలుగా పడింది. ఆమె పోయాక ఆ ఇంట్లో గోడకు ఉన్నది ఆ ఫొటోనే.

సముద్రం మీద బతికే మగవాళ్ళకి కంట్లో ఎర్రటి కండ పెరగడం మామూలు. ఎండా గాలీ ఏళ్ళ తరబడి కొట్టిన గుర్తు. అది ఏ కంట్లో ఉందో చూసి తల ఏ వైపు తిప్పాలో నిర్ణయించేవాళ్ళం. నీళ్ళ మీద మెరుపుకి కళ్ళు చికిలించి చికిలించి నొసలు ముడుచుకుపోయి ఉంటుంది. ‘కళ్ళు మూసుకో అన్నా, నేను చెప్పినప్పుడు తెరువు’ అంటే చాలు. తెరిచిన మొదటి క్షణంలో కళ్ళు విశాలంగా ఉంటాయి. ఇంకో మాట. బోట్లు ఒడ్డుకొచ్చి చేపలు వేలం పాడుతుంటే ఎవరినీ ‘అన్నా, ఒక్క ఫొటో’ అని పిలవకూడదు. రాత్రంతా సముద్రం మీద ఉండి వచ్చిన మనిషి అప్పుడు ధర లెక్కలో ఉంటాడు. పాట అయిపోయి, టీ తాగాక అడగాలి. ఇప్పుడు పెద్ద పెద్ద లెన్సులు వేసుకుని పట్నాల నుంచి వస్తున్నవాళ్ళు అడగనైనా అడగరు. దూరం నుంచి కొట్టుకుని, పేరు కూడా తెలుసుకోకుండా కారెక్కి పోతారు.

పేరు లేని ఫొటోలు మాకు కొత్తేం కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణదేశపు కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేయించాడు. మా నెల్లూరు యానాదుల సంగతి కూడా అందులో ఉంది. తలలూ ముక్కులూ కొలిచే పనిముట్లతో తిరిగిన మనిషి ఆయన. ఆ సంపుటాల్లో చాలా ఫొటోల కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు. ఎదురుగా నిలబడినవాడు ఎవరో ఆ కెమెరాకు అక్కర్లేదు, వాడి ముక్కు కావాలి. దానికి ముందే, 1892లో, హైదరాబాదులో రాజా దీనదయాళ్ గోషా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టారు. ఆ ఆడవాళ్ళకి మగవాడి ఎదుట కూర్చోవడం ఇబ్బంది అని ఆయన గమనించారు. ఎదుటి మనిషి ఇబ్బందిని లెక్కలోకి తీసుకున్నవారే నా లెక్కలో ఫొటోగ్రాఫరు.

1993లో ఎన్నికల ప్రధాన కమిషనరు శేషన్ గారు ఓటరుకు ఫొటో గుర్తింపు కార్డు ఉండాలన్నారు. మంచి పని. కానీ ఆ పనికి ఊళ్ళ మీద పడిన కాంట్రాక్టు మనుషులు ఒక్కొక్కరిని అరసెకను కూడా చూడలేదు. బడి గదిలో వరసగా కూచోబెట్టి ఎదురు ఫ్లాష్ కొట్టారు. ఎంతోమంది ముసలివాళ్ళు పోయాక, బతుకంతా కలిపి మిగిలింది ఆ కార్డు ఫొటో ఒక్కటే. దాన్నే పెద్దది చేసి దండ వేయించుకోవాలని పిల్లలు నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. బెదిరిన కళ్ళు, తెల్లబోయిన నుదురు. దాన్ని బాగుచేస్తూ కూర్చుంటే కడుపు తరుక్కుపోయేది. పంచలోకి నాలుగడుగులు పక్కకి జరిపి తీసి ఉంటే ఆ మనిషి మిగిలేవాడు.

రంగు సంగతికొస్తే నాకు అసలు కోపం. ఇవాళ పెళ్ళి ఆల్బం తెరిస్తే సున్నం కొట్టిన గోడల్లా ఉంటాయి మొహాలు. ఎండలో, ఉప్పుగాలిలో పెరిగిన మన పిల్లల చామనఛాయ, నలుపు, ఆ నలుపులో ఉండే మెరుపు, అన్నీ చెరిపేసి అందరికీ ఒకటే పాలిపోయిన చర్మం అతికిస్తారు. ఫోనైతే అడక్కుండానే ఆ పని చేసిపెడుతుంది. మా రోజుల్లో పౌడరు రాసి కూచోబెట్టే స్టూడియోలు లేవా అంటే ఉన్నాయి. నెగెటివు మీద పెన్సిలుతో రీటచింగు మేమూ చేశాం. సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో గంటలు కూర్చుని మశూచి మచ్చలు తేలిక చేసేవాళ్ళం. వాళ్ళే అడిగేవాళ్ళు. కానీ మనిషి ఛాయ మార్చడానికి మాకు చేతులు రాలేదు. నల్లటి మొహాన్ని నల్లగానే, నిండుగా తీయడం ఎట్లాగో నేర్చుకున్నాం. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న నల్లటి మనిషి మొత్తాన్నీ చూస్తే వెలుగు కొలిచే మీటరు మోసపోతుంది. పంచె తెలుపును చూసి వెలుగు తగ్గించమంటుంది, మొహం బొగ్గవుతుంది. అందుకని మీటరును చెంప దగ్గరికి తీసుకుపోయి కొలిచేవాళ్ళం. మీటరు లేని రోజుల్లో అదే నీడలో మన అరచెయ్యి పెట్టి అంచనా వేసుకునేవాళ్ళం. ఇప్పటి ఫోనులో కూడా తెర మీద మొహాన్ని వేలితో ఒక్కసారి తాకితే ఆ లెక్క మొహానికే జరుగుతుంది. ఆ వేలు పెట్టే ఓపిక ఎవరికుంది?

కలర్ వచ్చాక ఈ కష్టం ఎందుకు ఎక్కువైందో చాలామందికి తెలియదు. రంగు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్ళు ల్యాబులకు పంపే కార్డు మీద చాలా ఏళ్ళు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. షర్లీ కార్డు అనేవారు దాన్ని. ఆ పిల్ల చర్మం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆ లెక్కకి మన పాళెం మనుషుల మొహాలు ఎట్లా కుదురుతాయి? మట్టి రంగుకో, ఎరుపుకో తిరిగి వచ్చేవి. నలుపు తెలుపులో నిండుగా ఉన్న మనుషులు కలర్‌లో ఎండిపోయారు.

వెలుగు ఎట్లా వేయాలో మేము సినిమా హాల్లో కూడా నేర్చుకున్నాం. 1957లో మాయాబజార్‌కి మార్కస్ బార్ట్లీ వేసిన వెన్నెల, 1980లో శంకరాభరణంలో సోమయాజులు గారి మొహం మీద బాలు మహేంద్ర నిలిపిన వెలుగు, ఇవి చూడడానికి మళ్ళీ మళ్ళీ టిక్కెట్టు కొనేవాళ్ళం. ఇప్పుడు ఏటా ఆగస్టు 19న ఫొటోగ్రాఫర్ల సంఘాలు డాగురే పటానికి దండ వేస్తాయి. 1839లో ఫొటో తీసే ఆయన పద్ధతిని లోకానికి ప్రకటించిన రోజది. దండ వేయడం మంచిదే. ఆ తర్వాత మైకులో మాటలన్నీ కొత్త మోడళ్ళ మీద, డ్రోను రేట్ల మీద. వెలుగు గురించి, ఎదుటి మనిషి గురించి ఒక గంట మాట్లాడుకుందామని నేను అడుగుతూనే ఉన్నాను.

ఈ తీరానికి 1984 నవంబరు తుఫాను తెలుసు, 1989లో కావలి దగ్గర తీరం దాటినదీ తెలుసు, 2004 డిసెంబరు 26 సునామీ తెలుసు. నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు గోడ మీది పటాలు మొదట పోతాయి. అట్లా పోగొట్టుకున్నవాళ్ళు స్టూడియోకి వచ్చేవాళ్ళు. ‘మా నాయన ఫొటో మీ దగ్గర ఉంటుందా సామీ’ అని. ఉండేది. ప్రతి నెగెటివునూ కాగితం కవరులో పెట్టి, నంబరు వేసి, రిజిస్టరులో పేరూ ఊరూ రాసి, ఎత్తైన చెక్క అలమరలో దాచేవాళ్ళం. వెతికి తీసి మళ్ళీ ప్రింటు వేసిచ్చేవాణ్ణి. డెవలపరు నీళ్ళలో ఆ మొహం కొంచెం కొంచెంగా పైకి తేలుతుంటే డార్క్‌రూం గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు లోపలికి రావచ్చా అని అడిగేవాళ్ళు. ఈమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ళ అవ్వవి వందల ఫొటోలు ఫోనులో ఉండేవట, ఫోను నీళ్ళలో పడిందట, ఒక్కటీ బయట లేదట. నా అలమరలో ఆమెది లేదు. ఆమె ఫొటో తీసే కాలానికి ఆ ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, స్టూడియోకి ఎవరొస్తారు?

అందుకని సంక్రాంతికి ఊళ్ళకొచ్చే పిల్లలందరికీ చెబుతున్నాను. పుష్యమాసపు ఎండ వాలుగా ఉంటుంది, తీయడానికి మంచి రోజులు. ఇంట్లో అవ్వనీ తాతనీ పంచలో, చూరు గీతకి మూర లోపల కూచోబెట్టండి. మీ ఫ్లాష్ ఆపేయండి, తెల్లబరిచే ఫిల్టరు తీసేయండి. ఫోను పక్కన పెట్టి ముందు కాసేపు మాట్లాడండి, ఏ చెవి దాచుకుంటున్నారో, ఏ కన్ను బాధ పెడుతుందో చూడండి. తీసింది నెల్లూరు తీసుకుపోయి ప్రింటు వేయించండి, ల్యాబులు ఇంకా ఉన్నాయి. వెనకాల పేరు, ఊరు, తేదీ మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో రాయొద్దు, ఒత్తుడికి గీత ముందు వైపు మొహం మీదికి లేస్తుంది.